దొరసాని తొట్టెలో ఉప్పు

ఏప్రిల్ 6

అన్నయ్యకి,

చేరాను. గది దొరికింది. ఈ హాస్టలు వార్డెను కిటికీలో మొక్క పెట్టుకోవడానికే ఒప్పుకోలేదు, ఇక ఉప్పునీళ్ళ తొట్టె మాట నేను ఎత్తనే లేదు. కాబట్టి కొన్నాళ్ళు నా చేపలు నీ హాల్లోనే ఉంటాయి. అది నీకెంత భారమో వ్యాను డ్రైవరు ముందూ పక్కింటివాళ్ళ ముందూ నువ్వే చెప్పావు. "ఇంట్లో మనుషులకే చోటు లేదు, చేపలకి హాలు కావాలా" అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు. అందుకే నీతో చెప్పకుండా తెల్లారుజామున బస్సెక్కాను. అందుకే నీ ఫోన్ నంబరు కూడా ఆపేశాను. మనిద్దరం ఫోన్లో మొదలుపెడితే రెండో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. వదిన అన్నదే నిజం: "మీరిద్దరూ కాగితం మీద పోట్లాడుకోండి. అవతలివాళ్ళ మాట చివరిదాకా చదవనైనా చదువుతారు."

ఇప్పుడు పని మాట. తొట్టె అద్దం మీద నల్ల పెన్నుతో గీత గీశాను. నీళ్ళు ఆవిరై గీత కిందికి దిగినప్పుడల్లా ఆర్‌వో నీళ్ళు, అంటే ఉప్పు కలపని మంచినీళ్ళు, గీత దాకా పొయ్యి. ఉప్పునీళ్ళు పొయ్యకు. ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు, పొయ్యి మీద మర్చిపోయిన కూరలాగా లోపల చిక్కబడుతూ కూర్చుంటుంది. నా తొట్టెలో లీటరు నీళ్ళకి ముప్పై అయిదు గ్రాముల ఉప్పు. ఏడేళ్ళుగా అంతే. నేను కళ్ళద్దాలు అరగదీసి బతికేదాన్ని, నాకు అంకె అంటే అంకే.

ఉప్పు చూసే మీటరు, అదే చుక్క వేసి వెలుగుకి పట్టి చూసే గొట్టం, నాతో తెచ్చుకున్నాను. పొరపాటున కాదు, కావాలనే. నీ చేతికిస్తే లిఫ్టు మోటారు విప్పినట్టు విప్పేస్తావు.

పెద్ద చారల చేప దొరసాని. దాని తోక పట్టుకు తిరిగే చిన్నవాడు గుమస్తా. నాకున్న సంసారం ఆ రెండే. వాటికేమైనా అయితే నీకూ నాకూ మధ్య ఇంకేమీ మిగలదు, ముందే చెబుతున్నాను.

నన్ను చూడ్డానికి రావద్దు. నువ్వు రావద్దు, వదినని పంపవద్దు.

చెల్లెలు


ఏప్రిల్ 17

చెల్లికి,

నీ ఉత్తరం ముందు మీ వదిన చదివి తర్వాత నాకిచ్చింది. "మీరెలా ఉన్నారు" అన్న ముక్క కోసం ఇద్దరం కాగితం తిరగేసి మరీ వెతికాం. కనబడలేదు. పోనీలే. బాగానే ఉన్నాం.

నేనన్న మాట నీకు గుర్తుంది సరే, ఎప్పుడన్నానో గుర్తుందా? నీ తొట్టె ఒక కొసన నేను పట్టుకుని, రెండో కొసన డ్రైవరు పట్టుకుని, గుమ్మంలో ఇరుక్కుని ఉన్నప్పుడు. నడుం పట్టేసిన మనిషి నోట్లోంచి ఆశీర్వచనాలు రావు. ఇప్పుడు సోఫా పడగ్గదిలో ఉంది. లేచినప్పుడల్లా మోకాలికి తగిలి నిన్నే తలచుకుంటున్నాను.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. ఆ విషయంలో నాకు వంక పెట్టలేవు. చిన్నప్పుడు అమ్మ కోపంలో "ఆ కుర్చీలోంచి లేచావంటే చూడు" అని బజారుకి పోయి, అటునుంచి అటే ఎవరింటికో పోతే, సాయంత్రం దాకా లేవలేదు నేను. నువ్వు అన్నం కలిపి తెచ్చినా ముట్టలేదు. అమ్మ వచ్చి నన్ను చూసి ఏడ్చింది. అంత తృప్తి నాకు మళ్ళీ ఏనాడూ కలగలేదు. నువ్వేమన్నా తక్కువ తిన్నావా? "ఇంక నాతో మాట్లాడకు" అన్నానని నెల్లాళ్ళు పలక మీద రాసి చూపించావు. మన ఇంట్లో కోపమొస్తే ఎదురు చెప్పే అలవాటు లేదు. చెప్పింది చెప్పినట్టు చేసి ఏడిపించడమే.

దొరసాని బాగా తింటోంది. నేను పనినుంచి రాగానే అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంది. ఆలస్యమైతే తోక విదిలిస్తుంది. వెనకాల నీ గుమస్తా బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. వాణ్ణి చూస్తే నేనే గుర్తొస్తానని మీ వదిన పడీపడీ నవ్వుతుంది. మొన్నొకసారి మాత్రం చెయ్యి జారి నీళ్ళు గీత దాటాయి. అర బకెట్టు తోడి పారబోశాను, గీత దగ్గరికొచ్చింది. అంతే.

రావద్దన్నావు. రాము.

అన్నయ్య


ఏప్రిల్ 24

అన్నయ్యా,

"అంతే" అట. ఎంత తేలిగ్గా రాశావు.

నువ్వు తోడి పారబోసింది ఉప్పునీళ్ళు. అంతకుముందు అదనంగా పడ్డవి మంచినీళ్ళు. ఉప్పు తగ్గిందా లేదా? నువ్వు రాసిన అర బకెట్టు ఒకటి. రాయని బకెట్లు ఎన్నో నాకెలా తెలుస్తుంది? నా సైకిలు అరువు తీసుకుని చక్రం వంకర చేసి "కొంచెం ఊగుతోంది, అంతే" అన్నవాడివే కదా. నీ "అంతే" వెనకాల ఎప్పుడూ ఒక వంకర చక్రం ఉంటుంది.

ఇక్కడి కళ్ళద్దాల షాపులో పొద్దుటినుంచి రెండు అద్దాలు పాడుచేశాను. ఒకాయన ఎడమ కంటి పవర్ కుడి కంటికి అరగదీశాను. ఓనరు చూసిన చూపు చాలు. నా బుర్రంతా నీ హాల్లోనే ఉంది.

చేపల సామాను అమ్మే షాపుకి వెళ్ళి ఒక మీటరు కొను. అక్కడే సముద్రపు ఉప్పు ప్యాకెట్టు దొరుకుతుంది, అదీ కొను. వంటింటి ఉప్పు కాదు. తొట్టెలో ఉప్పు ఎంతుందో చూడు. ముప్పై అయిదు లేకపోతే, ఈ ఉత్తరం అందిన రోజే ముప్పై అయిదుకి తే. ఉప్పు నేరుగా తొట్టెలో గుమ్మరించకు, వేరే బకెట్టులో నీళ్ళతో బాగా కలిపి పొయ్యి. రేపూ ఎల్లుండీ అని నాన్చకు. నీ సంగతి నాకు తెలుసు. కుళాయి కారుతోందంటే పండగ వెళ్ళాక చూద్దామంటావు.

వదిన తొట్టె అంచు మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తోందా? ఆరేసే ఉంటుంది.

చెల్లెలు


మే 2

చెల్లికి,

నీ ఉత్తరం అందిన రోజే మీటరు కొన్నాను. అందిన రోజే ఉప్పు కొన్నాను. డ్యూటీ మధ్యలో వెళ్ళాను. ఆ పూట ఆరో అంతస్తులో ఒక ముసలాయన లిఫ్టు కోసం నిలబడి నన్ను శపించి ఉంటాడు. తువ్వాళ్ళు ఆరేసే సంగతి మీ వదిననే అడుగు, నాకు ధైర్యం లేదు.

చుక్క వేసి చూశాను. ముప్పై. నీ ముప్పై అయిదు ఎక్కడా లేదు. అర బకెట్టుకి అయిదు గ్రాములు పడిపోతుందా అని షాపతన్ని అడిగాను. "ఆ సైజు తొట్టెలో అసలు పడదండీ, మీ చెల్లెలుగారి పాత మీటరు ఒకసారి చూసుకోమనండి" అన్నాడు. అతను అన్నది అన్నట్టు రాస్తున్నాను, నేను అనడం లేదు.

నువ్వు చెప్పినట్టే బకెట్టులో కలిపాను, కరిగిందాకా తిప్పాను, తొట్టెలోంచి కొంచెం తియ్యడం, ఇది పొయ్యడం, చూడడం, మళ్ళీ తియ్యడం. దీపాలు పెట్టేవేళకి ముప్పై అయిదు వచ్చింది. నీ అంకె నీకు అప్పగించానని ఊపిరి పీల్చుకున్నాను.

తెల్లారి చూస్తే దొరసాని అడుగున పక్కకి ఒరిగి పడుకుని ఉంది. నోరు గబగబా కొట్టుకుంటోంది. నేను అద్దం మీద వేలు పెట్టినా కదల్లేదు. గుమస్తా దాని చుట్టూ తిరుగుతున్నాడు, దాన్ని లేపుతున్నట్టు ముక్కుతో పొడుస్తున్నాడు. నీకు ఫోన్ చేశాను, పోలేదు. మీ వదిన ఫోన్ నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. ఒక్క మాట విని ఉంటే నీ సొమ్మేం పోయేది?

ఇప్పుడు ఏం చెయ్యమంటావో రాయి. నాకు భయంగా ఉంది.

అన్నయ్య


మే 7

అన్నయ్యా,

ఒక్క పూటలో అయిదు పెంచావా? ఒక్క పూటలో?

ఉప్పు పెంచాలంటే రోజుకి ఒక్క గ్రాము, అంతకు మించకూడదు. చేప ఒంట్లో నీళ్ళన్నీ బయటి ఉప్పు లాగేస్తుంది. నీటిలో ఉండగానే దాహంతో చస్తుంది. ఇది చేపలు పెంచేవాళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలుసు. నీకు తెలియదు సరే, చేప మొహం చూస్తే తెలియలేదా? బకెట్టు తరవాత బకెట్టు పోస్తూ ఒక్కసారైనా మీటరులోంచి కన్ను తీసి దాన్ని చూశావా?

ఇంకా పైగా నా మీటరుదట తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. షాపువాడు అన్నాడని వాడి భుజం మీద తుపాకీ పెట్టి కాల్చకు. ఏడేళ్ళు ఆ మీటరుతో ఆ చేపల్ని పెంచాను. వాటికి ఒక్కనాడు జలుబు కూడా చెయ్యలేదు. నువ్వు రోజుకి ఎన్ని బకెట్లు పారబోశావో చెప్పలేక మీటరు మీద పెడుతున్నావు. నీకు తొట్టె మొదటినుంచీ కంటికింపు కాదు. హాలు ఖాళీ కావాలి. కాబోతోంది, సంతోషించు.

నిన్న వదినకి ఫోన్ చేశాను. "పెద్దది బతికే ఉంది, తిండి ముట్టడం లేదు. మిగతాది కాగితం మీద" అని ఆవిడ కూడా పెట్టేసింది. ఆవిడకీ నేనే లోకువ.

విను. నేను చెప్పిందాకా ఆ తొట్టె జోలికి పోకు. గాలి పంపు ఆడనీ, తిండి మాత్రం వెయ్యి. ఉప్పు కలపకు, తగ్గించకు. చుక్క వెయ్యకు, చుక్క తియ్యకు. నీ చేతులు అందులో పెట్టకు. నీ చెయ్యి పడితే చాలు, ఏదైనా ఊగుతుంది.

చెల్లెలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.


మే 23

చెల్లీ,

చెయ్యి రాకపోయినా చెల్లెలివే. ఏం చేస్తాం.

నీ ఏప్రిల్ ఉత్తరం నా ముందుంది. "ఈ ఉత్తరం అందిన రోజే ముప్పై అయిదుకి తే. రేపూ ఎల్లుండీ అని నాన్చకు." నీ దస్తూరీయే. రోజుకి ఒక్క గ్రామే పెంచాలని చంటిపిల్లలకి తెలిస్తే, ఆ ముక్క చంటిపిల్లలకి రాశావేమో, నాకు రాయలేదు. సైకిలు చక్రం గురించి రాయడానికి చోటు దొరికింది, దీనికి దొరకలేదు.

తరవాతి ఉత్తరంలో చుక్క వెయ్యకు, చుక్క తియ్యకు అన్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, చూసుకో అనుకున్నాను. వెయ్యలేదు. తియ్యలేదు. గీత కింద నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. ఎండలు చూస్తున్నావుగా, నాలుగు వేళ్ళ మందం పోయింది. మీ వదిన చెంబుతో నీళ్ళు తెస్తే చెయ్యి అడ్డం పెట్టాను. "అది పొయ్యమని రాయలేదు" అన్నాను. "అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే, ఆ దుత్తలో ప్రాణాలున్నాయి, తెలుస్తోందా" అని చెంబు నేలకేసి కొట్టింది. నేను వినలేదు. ఏడేళ్ళవాడిలా కుర్చీ వేసుకుని తొట్టె ముందు కూర్చున్నాను. నువ్వు వచ్చి చూసి ఏడవాలని కూర్చున్నాను. నిజం ఇదే, ఇంకోలా రాయలేను.

దొరసాని మెల్లిగా లేచింది. కాస్త ఈదింది. కోలుకుంటోందనే అనుకున్నాను. నిన్న పొద్దున గుమస్తా పోయాడు. ఫిల్టరు గొట్టానికి ఆనుకుని ఉన్నాడు. దొరసాని వాణ్ణి ముక్కుతో పొడుస్తోంది, వాడు ఆ రోజు దాన్ని లేపినట్టే. మీటరు పెట్టి చూస్తే ముప్పై తొమ్మిది. నీ మొదటి ఉత్తరంలోనే ఉంది, పొయ్యి మీద మర్చిపోయిన కూర అని. చదివిన ముక్కే. తెలిసీ కూర్చున్నాను.

అప్పుడు లేచాను. నీ ఉత్తరం లేదు, నీ అనుమతి లేదు. మంచినీళ్ళు గ్లాసుతో పోశాను. కొంచెం పోసి, దాని మొహం చూసి, ఆగి, మళ్ళీ పూటకి కొంచెం. ఈ రోజుకి ముప్పై ఎనిమిది. రోజుకి ఒక్కటి. ముప్పై అయిదు దాకా ఇలాగే దింపుతాను. నీకు కోపమొస్తే రానీ.

గుమస్తాని నా బోల్టుల డబ్బాలో పెట్టి గుమ్మం పక్క మట్టిలో పాతాను. నన్ను తిట్టు. నీకు హక్కుంది. కానీ నేను పారబోసింది ఆ ఒక్క అర బకెట్టే. దాని మీద నాకు అబద్ధం అంటగట్టకు. మా పనిలో మీటరు చేతికి రాగానే ముందు సున్నా చూస్తాం. సున్నా సరిగ్గా చూపించనిది ఏదీ సరిగ్గా చూపించదు. కొత్తదానికి అలాగే చూశాను. నీ ఏడేళ్ళ మీటరులో ఉప్పు లేని నీటిచుక్క ఒకటి వేసి చూడు. భయం లేకపోతే చూడు.

అన్నయ్య


మే 29

అన్నయ్యా,

నీ ఉత్తరం అద్దాలు అరగదీసే మిషను దగ్గర నిలబడి చదివాను. కంట్లో పొడి పడిందా అని ఓనరు అడిగాడు. అవునన్నాను. గుమస్తా పిల్లచేపగా ఉన్నప్పుడు అరచేతంత ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకున్నాను. నిన్ను క్షమించానని రాయను. నాలుగు వేళ్ళ మందం నీళ్ళు తగ్గేదాకా కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమని తిట్టాలో నాకు తెలిసిన తిట్లు చాలడం లేదు.

నీ నోరు మూయించాలని ఆ సాయంత్రమే మీటరు తీశాను. షాపులో అద్దాలు కడగడానికి వాడే శుద్ధి నీళ్ళుంటాయి, అందులో ఒక్క రవ్వ ఉప్పుండదు. చుక్క వేసి కిటికీ వైపు పట్టి చూశాను. సున్నా చూపించాలి.

అయిదు చూపించింది.

తుడిచి మళ్ళీ వేశాను. అయిదు. ఓనరుని చూడమన్నాను. "అయిదమ్మా" అన్నాడు. ఉప్పే లేని నీళ్ళలో అయిదు గ్రాముల ఉప్పు చూస్తోంది అది. ఏడేళ్ళుగా చూస్తోంది. నేను ముప్పై అయిదు అనుకున్నదల్లా ముప్పై. నీ షాపువాడు చెప్పింది నిజం. మద్దెల నిజంగానే ఓడు. ముప్పైలో పుట్టి పెరిగినట్టు హాయిగా ఉన్న ప్రాణుల్ని, నా నోటితో నేనే, అందిన రోజే అయిదు మెట్లు ఎక్కించమన్నాను.

నాకు దేనికి మండుతోందో తెలుసా? ఇది నా పనే. వారానికి ఒకళ్ళైనా వస్తారు, ఎవరో చేసిన తప్పు పవర్ అద్దాలు ఏళ్ళ తరబడి పెట్టుకుని. వాళ్ళకి అవే అలవాటు. సరైన పవర్ ఒక్కసారిగా ఇస్తే తల తిరిగి మెట్ల మీద పడతారు. అందుకే మెల్లిగా మారుస్తాం, ముందు కొంచెం, అలవాటయ్యాక ఇంకొంచెం. రోజూ ఎవరెవరికో చెప్పే మాట. నా చేపకి వచ్చేసరికి అంకె తప్ప నాకేమీ కనబడలేదు. నీ మీద కోపంలో చేపే కనబడలేదు. నువ్వు మీటరులోంచి కన్ను తియ్యలేదని తిట్టాను. నేనూ తియ్యలేదు.

ముప్పై అయిదుకి దిగాక అక్కడ ఆపు. పాత ముప్పైకి తీసుకుపోకు. ఎక్కిన మెట్టు మళ్ళీ దింపి, దింపిన మెట్టు మళ్ళీ ఎక్కించి దాన్ని చంపొద్దు. ఉన్నచోట కుదురుగా ఉంటే అదే అలవాటు పడుతుంది. గీత చూసుకుంటూ మంచినీళ్ళు పొయ్యి.

ఒకవేళ నేను మళ్ళీ కోపంలో ఏదైనా రాస్తే, చెప్పింది చెప్పినట్టు చెయ్యకు. దాని మొహం చూసి చెయ్యి.

అర బకెట్టే అని నువ్వు రాసినప్పుడు నమ్మాల్సింది. సైకిలు చక్రం మాత్రం నువ్వే వంచావు.

దొరసాని తింటోందా లేదా, అది ముందు రాయి.

నీ చెల్లెలు


జూన్ 4

చెల్లీ,

తింది. నిన్న ఒక ముక్క, ఈ పూట మూడు. తిన్నాక అటు తిరిగి గుమస్తా కోసం వెతుక్కుంది. ఉప్పు ముప్పై అయిదు దగ్గర ఆగింది, నేనూ ఆగాను. మీ వదిన సోఫా మళ్ళీ హాల్లోకి తెచ్చి తొట్టె ఎదురుగా వేయించింది. మనుషులకీ చేపలకీ కూడా చోటు సరిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నీ మీటరు అయిదు చూపించిందని చదివి ముందు గెలిచాననుకున్నాను. కాసేపటికి ఆ సంతోషం కూడా చప్పబడింది. గుమస్తాని పాతిన చోటు మీదుగానే రోజూ పనికి వెళ్ళాలి. నా కోపం తగ్గలేదు, నీ మీదా, నా మీదా. ఇంత కోపం కాగితం మీద పట్టడం లేదు. ఇది ఎదురుగా కూర్చుని అరుచుకోవాల్సిన కోపం.

రావద్దని నీ మొదటి ఉత్తరంలో రాశావు. రెండు నెలలు ఆ మాట మీదే కూర్చున్నాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యకు అని నువ్వే రాశావు కాబట్టి ఆదివారం బస్సుకి బయల్దేరుతున్నాను. మీటరు తీసిపెట్టు. పక్కన చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే సున్నా కుదురుతుంది. విప్పను, నీ ఎదురుగానే తిప్పుతాను.

తొట్టె గురించి బెంగపడకు. మీ వదిన చూస్తుంది. ఆవిడ నీ మాటా వినదు, నా మాటా వినదు. దొరసాని క్షేమంగా ఉంటుంది.

అన్నయ్య